పెద్దమ్మ తుడిచిన పియానో

మా పెద్దమ్మ పోయింది. ఆ కబురు ఆ రోజు ఫోన్లు చేసి అందరికీ చెప్పింది నేనే. సాయంత్రం నా దగ్గరికి సంగీతం పాఠానికి రావాల్సిన పిల్లల తల్లులకు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అవతలి నుంచి ఒకటే మాట వినిపించింది: "ఏ పెద్దమ్మ?" మా ఇంట్లో పెద్దమ్మ అంటే ఒక్కరేనని వాళ్లందరికీ తెలుసు. తెలిసే అడిగారు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అలాగే అడిగేదాన్ని.

ఇంకా నెల కూడా కాలేదు. ఇలా కూర్చుని ఆమె గురించి "ఉండేది", "చేసేది" అని రాస్తుంటే, ఎవరో నా చేత అబద్ధం రాయిస్తున్నట్టుగా ఉంది.

ఆమె నాకు సొంత పెద్దమ్మ కాదు. మట్టెవాడ దగ్గర గల్లీలో మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు. కింద ఆమె, పైన మేము. వయసు అరవై దాటి ఎంతో కాలం కాలేదు. బీపీ లేదు, షుగర్ లేదు. ఆ రోజు పొద్దున కూడా మార్కెట్‌కు నడిచి వెళ్లి చిక్కుడుకాయలు తెచ్చుకుంది. నేను పాఠాలు చెప్పే బడికి సెలవు. మెట్ల కింద నిలబడి పైకి కేకేసింది: "బిడ్డా, మబ్బు పట్టింది. మీద బట్టలు తీసుకో. నేను కింద కిటికీ మూస్తాన."

"సరే పెద్దమ్మా" అన్నాను. ఆమెతో నేను మాట్లాడిన చివరి మాట అదే. డాబా మీద బట్టలు తీసి, మడతపెట్టి, కింద వాకిట్లో ఆరేసిన దుప్పటి కోసం దిగుతున్నాను. అప్పటికే వాన పడుతోంది. ముందు గది కిటికీ తెరిచే ఉంది, పరదా తడిసి కొట్టుకుంటోంది. వాన పడుతుండగా ఆ కిటికీ తెరిచి ఉండడం ఇన్నేళ్లలో నేను చూడలేదు. లోపలికి వెళ్తే కిటికీ కింద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అలసి కూర్చున్న మనిషిలాగే ఉంది. "ఏంది పెద్దమ్మా, గిట్ల కూసున్నవు" అన్నాను. భుజం మీద చేయి వేశాను. అంతే.

ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరమ్మ చూసి, గుండె ఆగిందనీ, మేం వచ్చేసరికే అయిపోయిందనీ చెప్పింది. "ఇంతకుముందు ఏమన్న తకలీఫ్ ఉండెనా?" అని అడిగింది. "పొద్దుగాల చిక్కుడుకాయ తెచ్చింది" అన్నాను.

పెద్దమ్మకూ నాకూ మధ్య ఉన్న బంధమంతా ఒక పియానో చుట్టూ తిరిగింది. నేను సంగీతం టీచర్ని. నేను చదువుకున్న బడి కొత్త భవనంలోకి మారేటప్పుడు, వాళ్లకు అక్కర్లేని పాత పియానో ఒకటి నాకు ఇచ్చారు. గోడకు ఆనించి పెట్టుకునే నిలువు పియానో. సంతోషంలో మెట్ల సంగతి ఆలోచించలేదు. మా మెట్లు సగంలో మలుపు తిరుగుతాయి. కూలీలు ఎన్ని రకాలుగా తిప్పినా అది ఆ మలుపు దాటలేదు. నడివీధిలో దాన్ని పెట్టుకుని నేను ఏడుపు మొహంతో నిలబడి ఉంటే, పెద్దమ్మ తన ముందు గది తలుపు రెండు రెక్కలూ తెరిచింది.

"జర సేపు ఇండ్ల పెట్టుండ్రి. తర్వాత సూసుకుందం."

ఆ గదిలో అంతకుముందు మగ్గం ఉండేది. భర్త ఉన్నంతకాలం ఇద్దరూ దాని మీదే బతికారు. ఆయన పోయాక మగ్గం తీసేసి, కాళ్లు పెట్టుకునే గుంటను పూడ్చి సిమెంటు వేశారు. కూలీలు పియానోను సరిగ్గా ఆ సిమెంటు మీద దించబోతే పెద్దమ్మ అడ్డం వచ్చింది. "గుంట పూడ్చిన జాగ అది, కుంగుతది. గా లోపలి గోడకు జరపుండ్రి" అంది. ఆమె మరిది వచ్చి చూసి ముఖం చిట్లించాడు. గల్లీ చివర ఆయనకు పవర్‌లూమ్ షెడ్డు ఉంది. "మగ్గం ఉన్న జాగల గీ డబ్బా ఏంది వదినె" అన్నాడు. పెద్దమ్మ లోపలికి వెళ్లి ఒక పాత నేత చీర తెచ్చి, నాలుగు ముక్కలు చింపింది.

ఆ ముక్కలతో మొదలైన పని ఆమె పోయే రోజు పొద్దుటి దాకా ఆగలేదు. రోజూ స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, తర్వాత పియానో మూత తెరిచేది. గుడ్డను నీళ్లలో ముంచి, నీటిచుక్క రాలనంత గట్టిగా పిండి, వేళ్లతో నొక్కే తెల్ల, నల్ల మెట్లను ఒక్కొక్కటే వెనక నుంచి ముందుకు తుడిచేది. వెంటనే పొడిగుడ్డతో ఇంకోసారి. గుడ్డ నొక్కినప్పుడు మెట్టు పలికేది. ఆ చివరి నుంచి ఈ చివరికి, బరువు స్వరం నుంచి సన్న స్వరం దాకా, తొందర లేకుండా ఒక్కొక్కటే. పైన మా మంచం మీద ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. ఇప్పుడు కూడా ఆ వేళకే మెలకువ వస్తోంది. కళ్లు తెరవకుండా ఎదురుచూస్తాను. కాసేపటికి గుర్తొస్తుంది. ఆ గుర్తు రావడం ప్రతి పొద్దూ కొత్తగానే ఉంటోంది.

మొదట్లో ఆమెకు పియానో గురించి ఏమీ తెలియదు. నాకూ పెద్దగా తెలియదు. వాయించడం తెలుసు కానీ ఇంట్లో పెట్టుకుని సాకడం తెలియదు. ఆ ఏడాది వానలకు కొన్ని మెట్లు బిగుసుకుపోయాయి. నొక్కితే కిందికి పోయి పైకి రావు. నేను బడికి వెళ్లినప్పుడు పెద్దమ్మ కుట్టుమిషన్ నూనె తెచ్చి, ఆ సందుల్లో చుక్కలు చుక్కలుగా వేసింది. మర్నాటికి బాగున్నవి కూడా పట్టేశాయి. సికింద్రాబాద్ నుంచి ట్యూనింగ్ చేసే మేస్త్రిని పిలిపించాను. ఆయన మెట్లన్నీ ఊడదీసి, నూనె మరకలు చూసి తల పట్టుకున్నాడు.

"ఇందుల నూనె ఎవరు పోసిండ్రమ్మా?"

"నేనే పోసిన" అంది పెద్దమ్మ. "నూనె పెడితె నడవని మగ్గం నేను సూడలే. గట్లనే అనుకున్న."

ఆయనకు నవ్వొచ్చింది. మెట్టు కింద ఉండే ఉన్ని ముక్కను చూపించి, ఇది కట్టె, ఇది ఉన్ని, నూనె తాగితే రెండూ పాడవుతాయని చెప్పాడు. పెద్దమ్మ ఆయన పక్కనే కింద కూర్చుంది. సాయంత్రం దాకా లేవలేదు. మధ్యలో ఒకసారి టీ పెట్టడానికి మాత్రం వెళ్లింది.

"మరి దీనికేం గావాలె?" అని అడిగింది.

"పొడిగ ఉండాలె, గని ఎండిపోవద్దు. ఎండ తగలద్దు, వాన గాలి కొట్టద్దు. మీద నీళ్లు పెట్టద్దు. ఎలుక దూరద్దు. మాటిమాటికి జరపద్దు. కాలం మారినప్పుడల్ల నన్ను పిలవాలె."

"బాలెంతకు జెప్పినట్టే జెప్తానవు గద."

ఆ రోజు నుంచి పియానోకు నిజంగానే బాలింత భోగం పట్టింది. ఎండాకాలం రాగానే గదిలో అవతలి మూల వెడల్పాటి బేసిన్‌లో నీళ్లు పెట్టేది. కిటికీకి తడి గోనెపట్టా కట్టేది. ఎండకు నూలు పుటుక్కున తెగుతుందని మగ్గం కింద నీళ్లు చల్లుకోవడం ఆమెకు అలవాటే. వానాకాలం వస్తే బేసిన్ తీసేసి, పడమటి కిటికీ మీద కన్నేసి ఉంచేది. పట్టుచీరల పెట్టెలో వేసుకునే డాంబర్ గోళీలను మూటగట్టి పియానో అడుగు పలక వెనక పెట్టేది. ఉన్నిని పురుగు కొట్టకుండా ఉండడానికి. ఆ పలకను అప్పుడప్పుడు తీసి, టార్చి వేసి ఎలుక జాడ ఉందేమో చూసేది. ఒకసారి నిజంగానే పెడళ్ల దగ్గర ఎలుక గూడు దొరికింది. గూడంతా సంగీతం పుస్తకం కాగితాలే. "సదువుకున్న ఎలుకనే" అంది.

నా దగ్గర నేర్చుకునే పిల్లలకు నాకంటే ఆమె అంటేనే భయం. గేటు దాటగానే నల్లా దగ్గర ఆపేది. "ఏవి, చేతులు చూపియ్యి." మిర్చి బజ్జీ తిని వచ్చిన చేతులను వాసన చూసి పట్టేసేది. మళ్లీ కడిగించి, తన కొంగుతోనే తుడిచి లోపలికి పంపేది. మంచినీళ్ల బాటిల్ పియానో మీద పెట్టిన పిల్ల ఎవరైనా ఉంటే, ఆ పిల్ల ఇంకోసారి పెట్టేది కాదు. పెద్దమ్మ తిట్టేది కాదు. ఆ బాటిల్ తీసి చేతికిచ్చి, మొఖంలోకి ఒకసారి చూసేది. అంతే.

దసరా రోజున మగ్గానికి పెట్టినట్టు పియానోకూ పసుపు కుంకుమ పెట్టాలని ఆమెకు ఉండేది. తడి పసుపు కట్టెకు మంచిది కాదని మేస్త్రి చెప్పి ఉన్నాడు. అందుకని వాయించేవాళ్లు కూర్చునే స్టూలు కాలికి బొట్టు పెట్టి, పియానోకు దండం మాత్రం పెట్టుకునేది.

వానల్లో ఏదో ఒక స్వరం తేడాగా పలికితే నేను విసుక్కునేదాన్ని. "వానకాలం దానికి ఒళ్లు నొస్తది, జర ఓర్సుకో" అనేది. పిల్లలు సెలవులకు వెళ్లి వారాలపాటు ఎవరూ వాయించకపోతే నన్ను వదిలేది కాదు. "ఇయ్యాల ఒక్కసారన్న కూసో బిడ్డా. ఊకె ఉంటె దానికి బెంగైతది" అనేది. తను మాత్రం ఎప్పుడూ వాయించలేదు. నేర్పిస్తానని ఎన్నిసార్లు అన్నా నవ్వి ఊరుకునేది.

ఒక మధ్యాహ్నం అడిగాను, నీది కాని వస్తువు మీద ఇంత కష్టం ఎందుకు పెద్దమ్మా అని. ఆమె అప్పుడు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"మగ్గం పోయినంక ఈ అర్రల నాకు నిద్ర పట్టకపోయేది. చిన్నప్పటిసంది చప్పుడు మధ్యల పండుకున్నదాన్ని. ఒక్కసారి అంత సల్లవడితె చెవులు బొయ్యిమనేటియి. రేడియో పెట్టుకున్న, టీవీ పెట్టుకున్న. ఊకె మోగుతయి గని వాటితోని నాకు పనేమున్నది? నీ పెట్టె అచ్చినంక నా చేతికి పని దొరికింది. చేతికి పని ఉంటె నిద్ర అదే అస్తది."

తర్వాత కాసేపటికి, "నాది కాదని ఎవలన్నరు" అని మాత్రం అంది.

ఆమెను దవాఖాన నుంచి తెచ్చి ముందు గదిలోనే పడుకోబెట్టారు. వాన ఆగలేదు. గల్లీ అంతా వచ్చింది. జాగా చాలక వచ్చినవాళ్లు చేతుల్లో ఉన్నవి పియానో మీద పెట్టారు. తడిసిన పూలదండలు, స్టీలు గ్లాసులు, ఎవరిదో గొడుగు. గొడుగు కొస నుంచి నీళ్లు పాలిష్ మీదుగా కారుతున్నాయి. అంతమంది ఏడుస్తున్న గదిలో నేను ఒక్కొక్క గ్లాసే తీసి బయట పెట్టడం మొదలుపెట్టాను. ఎందుకు చేస్తున్నానో నాకే తెలియలేదు. ఒకామె నన్ను వింతగా చూసింది. కబురు విని అత్తగారింటి నుంచి వచ్చి, అప్పటిదాకా తల్లి కాళ్ల దగ్గర కూర్చున్న పెద్దమ్మ కూతురు లేచి వచ్చింది. గొడుగు తీసింది, దండలు తీసింది, తన చున్నీతో ఆ తడిని తుడిచింది. తుడిచి మళ్లీ వెళ్లి కాళ్ల దగ్గర కూర్చుంది. నాకు ఏడుపు వచ్చింది అప్పుడే.

చనిపోయిన గడియ మంచిది కాదని పంతులు చెప్పాడు. కర్మ అయిపోయాక కింది ఇల్లు మూడు నెలలు మూసిపెట్టాలన్నాడు. ఆమె మరిది ఆ మాట నాకు చెప్పింది కర్మ జరిగిన రోజు సాయంత్రం, వాకిట్లో.

"రేపు తాళమేస్తం. మూడు నెలలు ఎవలు తలుపు తియ్యద్దు. మీకేం ఫికర్ లేదు బిడ్డా, మీ మెట్లు బయటికెల్లి ఉన్నయి గద."

"సరే బాపూ" అన్నాను. మూసిన గదిలో, ఈ వానల్లో, మూడు నెలలు. పియానో ఏమవుతుందో నాకు తెలుసు. దాని మీద చెప్పే పాఠాలతోనే నా సంసారం సగం నడుస్తోందనీ తెలుసు. కానీ మనిషి పోయిన ఇంట్లో నిలబడి ఒక వస్తువు గురించి నోరు తెరవడం నాకు చేతకాలేదు. తలూపి మెట్లెక్కబోయాను.

"మరి అమ్మ పెట్టె?" అంది కూతురు.

"అది టీచరమ్మది గదనే."

"అమ్మది గూడ చిన్నబాపూ. లోపలవెట్టి తాళమేస్తె బూజు వడ్తది. అమ్మ ఉంటె ఊకునేదా?"

ఆయన కండువాతో మొఖం తుడుచుకున్నాడు. ఆ గదిలోకి ఒకసారి తొంగిచూశాడు. ఇన్నేళ్లలో ఆయన పియానో వైపు సరిగ్గా చూసింది అదే మొదటిసారి అనుకుంటాను.

"మా నూలు అర్రల జాగ జేస్త" అన్నాడు చివరికి. "వానకు ఉరవది అది. ఎండ గూడ రాదు."

ఎలా కదపాలో అడుగుదామని నేను మేస్త్రికి ఫోన్ చేశాను. నిలబెట్టే తీసుకెళ్లాలి, పడుకోబెట్టకూడదు, మెట్ల మూత గట్టిగా కట్టాలి, కొత్త చోట కొన్ని వారాలు ఉన్నాక తను వచ్చి శ్రుతి చేస్తాడు. అంతా చెప్పి, "సరేనమ్మా, మీకు యాది ఉండదు గని జర పెద్దమ్మకు ఫోనియ్యుండ్రి, ఆమెకు జెప్త" అన్నాడు.

నేను చెప్పాను. ఫోన్ కట్ అయిందేమో అనుకుని చూశాను. కట్ కాలేదు.

మర్నాడు పొద్దున షెడ్డు నుంచి నలుగురు వచ్చారు. నూలు చుట్టిన పెద్ద బీములు మోసే ఇనుప బండి తెచ్చారు. కూతురు లోపలి నుంచి తల్లి కప్పుకునే బొంత తెచ్చి పియానో చుట్టూ చుట్టి, తాడుతో తనే కట్టింది. గడప దాటించేటప్పుడు ఎవరూ కేకలు వేయలేదు. తలుపు మూశారు. తాళం పడిన చప్పుడు విని నేను వెనక్కి తిరగలేదు.

మా గల్లీలో సిమెంటు రోడ్డు అక్కడక్కడ పగిలి ఉంది. బండి చక్రం మొదటి గుంతలో దిగగానే, బొంత లోపల తీగలన్నీ ఒక్కసారి కదిలి మోగాయి. ఎవరూ వేలు పెట్టని చప్పుడు. తోస్తున్నవాళ్లు ఉలిక్కిపడి ఆగారు. మళ్లీ తోశారు. మళ్లీ మోగింది. ఇళ్లలోంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. చీపురు చేతిలో ఉన్నవాళ్లు దాన్ని గోడకు ఆనించారు. ఏదో షెడ్డులో మగ్గాలు ఆగిపోయాయి, తర్వాత దాని పక్క షెడ్డులో. గల్లీ పొడుగునా ఆ తీగల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

ఆమె మరిది బండికి ముందు నడుస్తున్నాడు. గుంత వచ్చిన చోటల్లా చేయెత్తి ఆపుతూ, "మెల్లగ, మెల్లగ" అంటున్నాడు. ఆమెను మోసుకెళ్లిన రోజు కూడా ఇదే గల్లీలో, పాడెకు ముందు నడుస్తూ, ఇదే గొంతుతో ఆ మాటే అన్నాడు.